పెదవుల తరగతికి కాపలా

నలభై పేర్ల జాబితాలో ముప్పైతొమ్మిదింటికి టిక్కు పెట్టేసరికి, నలభయ్యో పేరు దగ్గర తాళాలక్క వేలు ఆగిపోయింది. ఇంకా తొమ్మిది కాలేదు. కిటికీ అద్దాల మీద వాన మరకలు ఆరలేదు, పక్క బల్ల మనిషి రాలేదు, గదిలో ఆమె కంప్యూటర్ తప్ప ఏదీ మేలుకోలేదు. కళ్ళజోడు పైకి తోసుకుని ఆ వరుస మళ్ళీ చదివింది. నిన్న మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు ఈ మనిషి ఊరి చివర ఒక వర్క్‌షాపులో కూర్చుని ఏడో పాఠం చూశాడు. అదే ఒంటిగంటా పది నిమిషాలకు ఊరి మధ్యన ఒక ఇంట్లో కూర్చుని కూడా ఏడో పాఠమే చూశాడు. ఒకే మనిషి ఒకేసారి రెండు చోట్ల ఉండటం కథల్లో చెల్లుతుందేమో గానీ తాళాలక్క జాబితాలో చెల్లదు.

ఆమెది ఒక ఆన్‌లైన్ బడిలో పని. సైకిళ్ళ షాపు పైన రెండు గదుల ఆఫీసు. కుట్టుపని, కరెంటు వైరింగు, రోగుల సంరక్షణ, ఇలా పాతిక రకాల చదువులు ఆ రెండు గదుల్లోంచే బయటికి వెళ్తాయి. పాఠాలు చెప్పేవాళ్ళు వేరు, వాటిని వీడియో తీసేవాళ్ళు వేరు. చేరినవాళ్ళకు తలుపు తీయడం, చేరనివాళ్ళను బయటే నిలబెట్టడం, చదువు ముగిసినవాళ్ళ వెనక నెమ్మదిగా తలుపు వేయడం మాత్రం ఆమె వంతు. ఆ తలుపు కంటికి కనపడదు, తాళం చేతికి తగలదు. అయినా పద్నాలుగేళ్ళు అదే పని మీద ఉండేసరికి అందరికీ ఆమె తాళాలక్క అయిపోయింది. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఎవరైనా పాఠం లింకును స్నేహితుడికి పంపితే అది దారిలోనే చచ్చిపోతుంది. ఇంకో ఫోన్ ఎదురుగా పెట్టి తెరను వీడియో తీద్దామనుకుంటే, చూసేవాళ్ళ పేరే పాఠం మీద లేతగా తేలుతూ తిరుగుతుంటుంది. దొంగ తన చిరునామా తనే వీపు మీద రాసుకుని దొంగతనానికి వెళ్ళినట్టన్నమాట. ఇవన్నీ మిషన్ చేసుకుపోయే పనులు. అయితే ఎక్కడ చూశారో, ఎప్పుడు చూశారో చెప్పే మిషన్, ఎందుకు చూశారో చెప్పలేదు. అది కనుక్కోవడానికి తాళాలక్క కావాలి.

పాతిక చదువుల్లో ఇరవైనాలుగు ఒక ఎత్తు, పెదవుల తరగతి ఒక్కటీ ఒక ఎత్తు. వినికిడి పోయినవాళ్ళు ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్చుకునే తరగతి అది. మన భాషలో అలాంటి చదువు ఇంకెక్కడా లేదు. ఆ తరగతిలో పాఠం అంటే పంతులమ్మ ముఖం ఒక్కటే కాదు, చేరిన నలభై మంది ముఖాలూ పాఠమే. ఒక్కొక్కరూ ఇంట్లో గడియ పెట్టుకుని, ఫోన్ ఎదురుగా కూర్చుని, నోరు సాగదీసి, పెదవులు బిగించి, తప్పులు చేసి, ఒక్కోసారి మధ్యలో ఏడ్చి, ఆ వీడియోను మిగతావాళ్ళకు పంపాలి. తను ఏం పలికిందీ మిగతావాళ్ళు చదివి చెప్పాలి. ఒకరి ముఖం ఇంకొకరికి పలక.

ఐదేళ్ళ క్రితం అలాంటి పలక ఒకటి బయటపడింది. ఆఫీసులోనే పనిచేసే ఒకతను ఒక వీడియోను సరదాకి స్నేహితులకు చూపించాడు. నడివయసు టీచరమ్మ ఒకావిడ కళ్ళు పెద్దవి చేసి "బువ్వ, మువ్వ" అని మళ్ళీ మళ్ళీ పెదవులు ఆడిస్తున్న వీడియో. ఎవరో దానికి వెనకాల డప్పు వాయింపు అతికించారు. మూడు రోజుల్లో ఊరంతా చూసి నవ్వింది. అతని ఉద్యోగం పోయింది గానీ, ఆవిడ తరగతికి మళ్ళీ రాలేదు. తాళాలక్క రాసిన క్షమాపణ ఉత్తరానికి ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది. ఇకమీదట ఎవరి ముందూ నోరు తెరవనని ఆవిడ రాసింది.

ఆ రోజే తాళాలక్క రెండు వాక్యాలు రాసి, పెద్దసారు చేత సంతకం పెట్టించి, తరగతి గుమ్మంలో పెట్టింది. "ఇక్కడ మీ ముఖం చూసేది మీతో చదివేవాళ్ళూ మీ పంతులమ్మా మాత్రమే. ఈ ఆఫీసులో పనిచేసే ఏ ఒక్కరూ ఈ తరగతి చూడరు, ఇందులో చేరరు." అప్పటి నుంచి, పాఠం సరిగా తెరుచుకుంటోందా లేదా అని సరిచూసేటప్పుడు కూడా, మొదట వచ్చే నల్ల తెర, దాని మీద పాఠం నంబరు కనపడేదాకా ఉండి ఆపేస్తుంది. ఐదేళ్ళలో రెండు వందల మంది ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్ళారు. వాళ్ళ పేర్లు ఆమెకు కంఠతా వచ్చు. చేరేటప్పుడు ఇచ్చే తపాలా బిళ్ళంత ఫోటో తప్ప ఒక్కరి ముఖమూ తెలియదు.

గుమ్మం బయటే ఉన్నా, లోపల జరిగేదాన్ని తలచుకుంటే ఆమెకు ఒళ్ళు పులకరించేది. ఇంట్లోవాళ్ళతో మాట్లాడటం మానేశాను అని చేరిక ఫారంలో రాసిన పెద్దాయన, ఆర్నెల్ల తర్వాత వీడ్కోలు ఫారంలో, మా తమ్ముడు మూల నిలబడి గొణుగుతూ నన్ను తిట్టింది చదివేశాను, ఎంత హాయిగా ఉందో అని రాశాడు. ఇంకొకావిడ రోడ్డుకి అవతలి పక్క బస్సులో కూర్చున్న ఇద్దరి కాపురం గొడవ మొత్తం చదివి, ఆ అమ్మాయిదే న్యాయం అని తీర్పు కూడా రాసింది. కన్ను వింటుంది. ఎన్నేళ్ళ నుంచి ఆ కాగితాలు చదువుతున్నా ఈ ఒక్క సంగతి తాళాలక్కకు పాతబడలేదు.

ఆ అవసరం తన ఇంటికే వస్తుందని మాత్రం ఆమె అనుకోలేదు. మూడేళ్ళుగా ఆమె చెవులు అక్షరాలను ఒక్కొక్కటిగా జారవిడుస్తున్నాయి. ముందు పోయినవి స, శ, చ. ఆ తర్వాత త, క. ఎదుటి మనిషి మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. మగ గొంతులు కాస్త నయం. నాలుగేళ్ళ మనవరాలి సన్నటి గొంతు మాత్రం అందడమే మానేసింది. ఆ పిల్ల ఒళ్ళో కూర్చుని కథలు చెప్తుంటే తాళాలక్క ఊఁ కొడుతుంది, ఎందుకైనా మంచిదని అప్పుడప్పుడూ బాగుంది బాగుంది అంటుంది. పోయిన ఆదివారం మనవరాలు కథ మధ్యలో ఆపి, ఒళ్ళోంచి దిగి, వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పింది. కూతురు ఆ మాటను నవ్వుతూ గట్టిగా అందించింది.

"కుక్కపిల్ల చచ్చిపోయిందని చెప్తే అమ్మమ్మ బాగుంది బాగుంది అంటోందట. ఇంక అమ్మమ్మకి కథలు చెప్పదట."

కూతురు నవ్వింది కాబట్టి తాళాలక్క కూడా నవ్వింది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ నీళ్ళ శబ్దం కూడా తనకు సగమే వినపడుతోందని గమనించి, గోడకు ఆనుకుని కాసేపు నిలబడింది.

చెవుల డాక్టరు దగ్గరికి ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది. చెవికి పెట్టుకునే మిషన్ శబ్దాన్ని పెంచుతుంది గానీ మాటను విడదీయలేదని, అది పెట్టుకుంటూనే పెదవులు చదవడం నేర్చుకోమని, ఎంత ఆలస్యం చేస్తే అంత కష్టమని ఆయన చెప్పాడు. ఆమెకు అర్థం కావడం లేదని గ్రహించి అదంతా కాగితం మీద రాశాడు. కింద ఒక బడి పేరు కూడా రాసి, మంచిది, చేరండి అన్నాడు. అది ఆమె పనిచేసే బడే. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తాళాలక్క కళ్ళజోడు పెట్టెలో దాచుకుంది.

పెదవుల తరగతి కొత్త బ్యాచి చేరికలు ఈ రోజు సాయంత్రం ఐదింటికి ముగుస్తాయి. ముగించేది ఆమే. ఒక్క సీటు మిగిలి ఉంది. మళ్ళీ బ్యాచి అంటే ఏడాది తర్వాత. చేరాలంటే ఉద్యోగం వదులుకోవాలి, ఎందుకంటే ఆఫీసువాళ్ళు చేరకూడదని రాసింది తనే. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ళుంది. ఇంకో దారి కూడా ఉంది, అది చాలా దగ్గర దారి. అన్ని తాళాలనూ తెరిచే పైతాళం ఆమె చేతిలోనే ఉంది. ఎవరు ఏ పాఠం చూశారో చెప్పే పట్టీని చదివేదీ ఆమె ఒక్కతే. రోజూ అన్నం తినే వేళ ఒక పాఠం చూసుకున్నా పట్టుకోవలసిన మనిషి తనే కాబట్టి ఎవరూ పట్టుకోరు. వారం రోజులుగా ఆ దారి ఆమెను పిలుస్తోంది.

తొమ్మిదింటికి పక్క బల్ల మనిషి వచ్చాడు. సర్వర్లు చూస్తాడు. అతన్ని ముక్తసరి అంటారు. పదేళ్ళలో అతని నోటి నుంచి వచ్చిన అతి పెద్ద ప్రసంగం "చూద్దాం లెండి" అని ఆఫీసులో ఒక లెక్క. తక్కువ మాట్లాడేవాడు పక్కన ఉండటం తన అదృష్టమని తాళాలక్క ఎప్పుడూ అనుకుంటుంది. నలభయ్యో పేరు చూపించగానే అతను వచ్చి, తెరలోకి వంగి, లెక్కలు చూసి, ఇంట్లోంచి ఏడో పాఠం పదకొండుసార్లు చూశారని వేళ్ళ మీద చూపించాడు. అందులోనూ ఒకే చోట, మూడో నిమిషం దగ్గర, మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి.

రూలు ప్రకారం ఆ సీటుకు అప్పటికప్పుడు తాళం వేయాలి. ఆ తర్వాత ఎదురుగా చూసి, ఫోటోతో పోల్చి, విషయం కనుక్కోవాలి. తాళాలక్క తాళం వేసింది. ఒంటిగంటకు వీడియోలో మాట్లాడదామని ఆ పేరుకు సందేశం పంపింది. మా ఇంటావిడ కూడా వస్తుంది, ఆవిడతోనే మీకు పని అని జవాబు వచ్చింది.

ఒంటిగంటకు తెర రెండు గళ్ళయింది. ఒక గడిలో యాభయ్యేళ్ళ లేత్ మేస్త్రీ, చొక్కా జేబుకు గ్రీజు మరక, వెనక ఇనుప బీరువా. ఇంకో గడిలో కుట్టుమిషన్ పక్కన కూర్చున్న ఆయన భార్య. తాళాలక్క చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, శబ్దం పెంచే చక్రాన్ని చివరంటా తిప్పింది. మేస్త్రీ ముఖం ఫోటోతో సరిపోయింది. ఇంట్లో పాఠం చూస్తున్నది ఎవరని అడిగింది.

భార్య తల వంచుకుని, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, గబగబా చెప్పడం మొదలుపెట్టింది. అందులో తాళాలక్కకు అందినవి నాలుగు అచ్చులు. ఆమె అలవాటు ప్రకారం తల ఊపింది, అలవాటు ప్రకారం చిన్నగా నవ్వింది, అర్థమైందండి అంది. ఆ గడిలో ఏడుస్తున్న మనిషి ఆ నవ్వు చూసి బిత్తరపోయి మాట ఆపేసింది.

మేస్త్రీ తెరకు దగ్గరగా జరిగాడు. చెవులు పోయాక తన గొంతు తనకే తెలియదు కాబట్టి ఆయన మాట ఎత్తుపల్లాలు లేకుండా, గట్టిగా, నిదానంగా వస్తుంది. ప్రతి అక్షరం తాళాలక్కకు అందింది.

"మేడమ్, మీకూ వినపడట్లేదు కదా?"

తాళాలక్క హెడ్‌ఫోన్ల చక్రం మీది చెయ్యి తీసేసింది. ఇంట్లో భర్తకు తెలియదు, కన్న కూతురికి తెలియదు, పక్క బల్ల మనిషికి తెలియదు అనుకుంది. ఊరి చివర, బొమ్మలో ఉన్న మనిషి నాలుగు నిమిషాల్లో చెప్పేశాడు. ఎలా కనుక్కున్నాడో ఆయనే చెప్పాడు. ఆమె తల ఊపడం ఒక లిప్త ఆలస్యంగా వస్తోందట. ఎదుటివాళ్ళ కళ్ళను కాకుండా నోటిని చూస్తోందట. అర్థం కానిచోట నవ్వుతోందట. ఆ మూడూ తను రెండేళ్ళు చేశాడట. అందుకని గుర్తుపట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదన్నాడు.

తర్వాత, భార్య చెప్పాలనుకున్నదాన్ని ఆయనే చెప్పాడు. రెండు నెలల క్రితం ఒకరోజు తను అలిగి మంచం మీద కూర్చుని ఉంటే, భార్య ఎదురుగా వచ్చి, మొహం మీద మొహం పెట్టి, "ఒక్క మాట వినండి" అంది. ఆయన పెదవులు చదివాడు. "ఒక్క పాట వినండి" అని చదివాడు. ప, బ, మ మూడింటికీ పెదవులు ఒకేలా కలుస్తాయి, మాటకూ పాటకూ బాటకూ పెదవుల మీద తేడాయే లేదు. చెవిటి మొగుణ్ణి పాట వినమని ఎగతాళి చేస్తోందనుకుని ఆయన ఆవిడ తెచ్చిన కంచం తోసేశాడు. రెండు రోజులు పెళ్ళాం చేతి కూడు ముట్టలేదు. మూడో రోజు ఆవిడ కాగితం మీద రాసింది. పాట కాదు, మాట అని.

"అది చదివి నేను నవ్వానండి. ఆవిడ నవ్వలేదు. నువ్వు చదవడం నేర్చుకుంటే సరిపోదు, నేను చదివించడం నేర్చుకోవాలి అంది. నేను పనిలోకి వెళ్ళాక నా తాళంతో తీసి చూస్తోంది. చూడకూడదని నాకు తెలుసు. మిగతావాళ్ళ మొహాలు కూడా చూసేసినట్టే కదా. మీ రూలు ఏదుంటే అది చేయండి."

ఏడో పాఠం మూడో నిమిషంలో ఏముందని తాళాలక్క అడిగింది. ప, బ, మలను పెదవుల మీద విడదీయాలని ఎంత నోరు సాగదీసినా లాభం లేదని పంతులమ్మ చెప్పే చోటట అది. మాట మార్చాలి, అంతే. ఒక్క మాట అనకూడదు, ఒక సంగతి అనాలి. సంగతికి పెదవులు వేరు. ఆవిడ ఇప్పుడు ఇంట్లో ప్రతిదానికీ ముందు మనసులో ఒకసారి పెదవులు ఆడించి చూసుకుంటుందట. తికమక పడే మాటను తీసేసి ఇంకోటి పెట్టుకుని అప్పుడు నోరు విప్పుతుందట. ముప్పయ్యేళ్ళు నోటికొచ్చినట్టు మాట్లాడిన మనిషి, ఇప్పుడు ఏరుకుని ఏరుకుని మాట్లాడుతోందని మేస్త్రీ అన్నాడు. ఆ అనడంలో గర్వం దాచుకోలేకపోయాడు.

సీటుకు వేసిన తాళం ప్రస్తుతానికి తీయలేనని, సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్తానని తాళాలక్క చెప్పింది. మేస్త్రీ తల ఊపాడు. కాల్ ముగించబోతుంటే ఇంటి గడిలో భార్య ముఖం ఎత్తింది. చెంగు తీసేసింది. గొంతు లేదు, చెయ్యి కదలలేదు. పెదవులు మాత్రం నెమ్మదిగా, శుభ్రంగా నాలుగైదుసార్లు కదిలాయి.

"తిన్నాను. నువ్వు తిను ముందు," అన్నాడు మేస్త్రీ ఊరి చివర నుంచి.

తాళాలక్క కళ్ళప్పగించి చూసింది. గాలిని కదిలించకుండా ఒక ప్రశ్న ఊరంతా దాటి వెళ్ళింది, దాటి చేరింది. పద్నాలుగేళ్ళుగా తను కాపలా కాస్తున్న తలుపు వెనక ఉన్నది ఇదన్నమాట. రెండు వందల మంది ఒకరికొకరు సిగ్గు విడిచి నోళ్ళు చూపించుకుని నేర్చుకున్నది ఇదన్నమాట. తెర నల్లబడ్డాక కూడా ఆమె హెడ్‌ఫోన్లు తీయలేదు. 

అందరూ అన్నాలకు వెళ్ళారు. గదిలో ఆమె ఒక్కతే ఉంది. జాబితాలో ఏడో పాఠం ఎదురుగానే ఉంది. పైతాళం తీసింది. నల్ల తెర వచ్చింది, దాని మీద ఏడు అని నంబరు వచ్చింది. ఇక్కడే ఆపాలి. మూడో నిమిషం దాకా ఒక్కసారి, తన మనవరాలి కోసం ఒక్కసారి. ఆ నంబరు వెనక నలభై మంది ముఖాలున్నాయి. వాళ్ళలో ఎవరో ఒకరు నిన్న రాత్రి గడియ పెట్టుకుని, ఆఫీసువాళ్ళు ఎవరూ చూడరన్న ఒక్క వాక్యాన్ని నమ్మి, పెదవులు సాగదీసుకుని ఏడ్చి ఉంటారు. ఆ వాక్యం ఎవరు రాశారో వాళ్ళకు తెలియదు, నమ్మారంతే. తాళాలక్క నంబరు మీదే ఆపేసింది.

కూర్చుని ముప్పైతొమ్మిది మందికి ఒక ఉత్తరం రాసింది. మీ తోటివారి భార్య మీ తరగతిలోకి అనుమతి లేకుండా వచ్చింది, మీ ముఖాలు చూసింది, తాళం వేశాం, జరిగినదానికి మన్నించండి అని మొదట రాసింది. ఎందుకు వచ్చిందో తర్వాత రాసింది. ఆవిడను మీతోపాటు చేర్చుకోవడం మీకందరికీ ఇష్టమేనా, ఒక్కరికి ఇష్టం లేకపోయినా చేర్చుకోము, ఆ ఒక్కరు ఎవరో ఎవరికీ చెప్పము అని ముగించింది.

జవాబులు రెండు గంటల నుంచి రావడం మొదలైంది. కొందరు సరే అని ఒక్క ముక్క రాశారు. ఒకాయన మా ఆవిడను కూడా చేర్చుకుంటారా, అరవడం తగ్గుతుంది అని రాశాడు. ఒకమ్మాయి మాట, పాట కథను పంతులమ్మ పాఠంలో పెట్టమంది. నాలుగు దాటేసరికి ముప్పైఎనిమిది వచ్చాయి. ముప్పైతొమ్మిదోది రైల్వే గేటు దగ్గర పనిచేసి మానేసిన పెద్దాయనది. ఆయన జవాబు వచ్చేదాకా తాళాలక్క లేచి మంచినీళ్ళు కూడా తాగలేదు.

"మా మొహాలు చూసినావిడ తన మొహం కూడా మాకు చూపించాలి. అప్పుడు నాకు అభ్యంతరం లేదు," అని ఆయన రాశాడు.

ఆ మాట చేరవేయగానే మేస్త్రీ భార్య పది నిమిషాల్లో తన వీడియో పంపింది. తాళాలక్క దాన్ని తెరవకుండానే లోపలికి చేర్చి, ఆ పేరు కింద ఇంకో పేరు రాసి, రెండు తాళాలు తీసింది. తీశాక ఆ పెద్దాయన వాక్యాన్ని మళ్ళీ చదివింది. చూడాలంటే చూపించాలి. పొద్దుటి నుంచి, కాదు, వారం రోజుల నుంచి తను వెతుకుతున్న రూలు అదే. ఆమె రాసిన రెండు వాక్యాల కంటే అది చిన్నదీ మంచిదీ కూడా.

నాలుగున్నరకు తెల్ల కాగితం మీద ఉద్యోగం వదిలేస్తున్నానని రాసి పెద్దసారు గదిలోకి వెళ్ళింది. కారణం కూడా దాచకుండా రాసింది. పెద్దసారు కాగితాన్ని రెండుసార్లు చదివి, ఆమె ముఖంలోకి చూసి, కుర్చీ ముందుకు లాక్కుని, గట్టిగా మాట్లాడాడు.

"తాళం చేతిలో పెట్టుకుని ఉద్యోగం మానేస్తానంటావేంటమ్మా? చూసుకో. ఎవరడుగుతారు నిన్ను?"

"ఎవరూ అడగరనే కదండీ నా చేతికిచ్చారు."

ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టాడు. రెండేళ్ళు ఆగితే రిటైరయ్యాక హాయిగా చేరవచ్చు కదా అన్నాడు. రెండేళ్ళు ఆగితే మనవరాలికి ఆరేళ్ళొస్తాయని ఆమె అంది. ఆరేళ్ళ పిల్లలు అమ్మమ్మలకు కథలు చెప్పరు. పెద్దసారు సంతకం పెట్టాడు. పెడుతూ ఏదో అన్నాడు గానీ తల వంచుకుని అన్నాడు కాబట్టి అదేమిటో ఆమెకు తెలియలేదు. ఈసారి ఆమె తల ఊపలేదు. వినపడలేదండి అంది. ఆ మాట మూడేళ్ళలో ఆమె బయటికి అనడం అదే మొదటిసారి, ఎంత తేలిగ్గా ఉందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఆయన తల ఎత్తి మళ్ళీ చెప్పాడు. నువ్వు కాపలా ఉన్నావని నేను ఐదేళ్ళు నిద్రపోయానమ్మా అన్నాడు.

ఐదుకు పావుగంట ముందు పైతాళం ముక్తసరి చేతికి అప్పగించింది. రూలు ప్రకారం చేరే ముందు తనను తను తీసేసుకోవాలి. ఆఫీసువాళ్ళ జాబితాలో తన పేరు మీద నొక్కింది. నిజంగానేనా అని మిషన్ అడిగింది. అవును అని నొక్కింది. తెర ఆమెను బయటికి పంపి, మళ్ళీ రావాలంటే చేరండి అని గుమ్మంలోనే నిలబెట్టింది. ఆ గుమ్మాన్ని ఇటు నుంచి చూడటం ఆమెకు కొత్త. చేరిక ఫారం నింపింది. ఎందుకు చేరుతున్నారు అన్న గడిలో ఏమేమో రాసి కొట్టేసి, కుక్కపిల్ల ఎలా చచ్చిపోయిందో తెలుసుకోవడానికి అని రాసింది.

ముక్తసరి ఆ ఫారం తెరిచి చదివాడు. లేచి, బల్ల చుట్టూ తిరిగి ఆమెకు ఎదురుగా వచ్చి, వెలుతురు తన ముఖం మీద పడేలా నిలబడ్డాడు.

"నాకు తెలుసక్కా," అన్నాడు. "హెడ్‌ఫోన్లలోంచి గదంతా వినపడుతుంది."

ఎన్నాళ్ళ నుంచి అని ఆమె అడిగింది. అతను రెండు వేళ్ళు చూపించాడు. రెండేళ్ళు. అప్పుడు తట్టింది ఆమెకు, ఈ మనిషి ఎప్పుడూ వెనక నుంచి పలకరించలేదని, ఏం చెప్పాలన్నా ఇలాగే ఎదురుగా వచ్చి నిలబడేవాడని, తక్కువ మాటల్లో చెప్పేవాడని. తక్కువ మాట్లాడటం అతని స్వభావమని ఆఫీసంతా నవ్వింది. ఆ నవ్వులో తనూ ఉంది. అందులో కొంత తన కోసమని ఇప్పుడు తెలిసింది. ఆమె అతని ముఖాన్ని, ఏదో గొప్పదాన్ని చూసినట్టు, తనివితీరా చూసింది. అతను సిగ్గుపడి వెళ్ళి తన కుర్చీలో కూర్చుని, ఆఖరి సీటుకు టిక్కు పెట్టి, గడియారం ఐదు చూపించగానే కొత్త బ్యాచి తలుపు వేసేశాడు.

తాళాలక్క బల్ల సర్దుకుంది. ఎక్కువేం లేవు. నీళ్ళ సీసా, గొడుగు, శాలువా. మానిటర్ కుడి మూలకు అతికించిన గుండ్రటి స్కూటర్ అద్దం దగ్గర ఆమె చెయ్యి ఆగింది. రెండేళ్ళ క్రితం ఒక సోమవారం పొద్దున ఆమె వచ్చేసరికి అది అక్కడ ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. ఈ వయసులో సోకులేంటక్కా అని అందరూ ఆటపట్టిస్తే తనూ జుట్టు సర్దుకుని చూపించేది. వెనక గుమ్మంలోంచి వచ్చేవాళ్ళు అందులో ముందే కనపడేవాళ్ళు. ఎవరూ పిలవకుండానే ఆమె తిరిగి చూసేది. అది పెట్టినవాళ్ళు ఎందుకు పెట్టారో ఇన్నాళ్ళూ ఆమెకు తట్టలేదు. కింద సైకిళ్ళ షాపు పక్కన రోజూ నిలబెట్టి ఉండే ముక్తసరి స్కూటర్‌కు ఒకవైపే అద్దం ఉంటుంది.

అతను వచ్చి దాన్ని ఊడదీసి ఇవ్వబోయాడు. ఆమె వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. శాలువా కప్పుకుని, సంచి భుజానికి తగిలించుకుని, వెళ్ళొస్తానని చెప్పి మెట్లు దిగింది. ఖాళీ కుర్చీ ఎదురుగా, ఆపేసిన మానిటర్ మూలన, ఆ అద్దం గుమ్మం వైపే తిరిగి ఉంది.